ముందు గుంత ఎక్కడో చెప్పు

ఆఫ్రికాలోని రువాండాలో, 1994 నరమేధం కేసులు తేల్చడానికి పెట్టిన గచాచా అనే ఊరి కోర్టులు నడిచిన రోజుల్లో వారానికి ఒక పూట ఊరంతా పని ఆపేసేది. దుకాణాలు మూసేసి జనం చెట్టు కిందో, బడి ఆవరణలోనో గడ్డి మీద కూర్చునేవాళ్ళు. ఎదురుగా బెంచీ మీద న్యాయమూర్తులు, భుజం మీదుగా జెండా రంగుల పట్టీలు. వాళ్ళెవరూ లా చదివినవాళ్ళు కాదు. రైతులు, టీచర్లు, ఊళ్ళో మంచిపేరున్న ఆడవాళ్ళు. గులాబీ రంగు జైలు బట్టల్లో ఉన్న మనిషి లేచి నిలబడి, 1994లో తాను ఎవరిని, ఎక్కడ, దేనితో చంపాడో చెప్పేవాడు. చివర్లో క్షమించమని అడిగేవాడు. అడగాల్సిందే. ఒప్పుకోలు చెల్లాలంటే క్షమాపణ కూడా ఉండాలని చట్టంలోనే రాశారు.

అప్పుడు గడ్డి మీంచి లేచి నిలబడే మనిషి చాలాసార్లు అడిగేది శిక్ష గురించి కాదు. మావాళ్ళని ఎక్కడ పడేశావు అని.

యుద్ధంలో ఘోరాలు చేసినవాళ్ళని క్షమించవచ్చా అనే ప్రశ్న వస్తే మనం వెంటనే రెండు జట్లుగా చీలిపోతాం. ఒక జట్టు బుద్ధుడినీ గాంధీనీ తెస్తుంది. ఇంకో జట్టు "నీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది" అంటుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది కాబట్టి వాదన ఎక్కడికీ పోదు. రువాండా గురించి చదివే కొద్దీ నాకు అనిపించింది, చిక్కు జవాబులో లేదు, ప్రశ్నలోనే ఉందని. 'క్షమ' అన్న ఒక్క మాట కింద వేరువేరు పనులన్నీ కలిపి కట్టేస్తున్నాం. శిక్ష తగ్గించడం ఒక పని. చంపినవాడి ఇంటి పక్క ఇంట్లో బతకడం ఇంకో పని. లోపలి పగను వదిలేయడం పూర్తిగా మరో పని. మొదటిది ప్రభుత్వం చేయగలదు. రెండోది ఊరు చేయగలదు, చాలాసార్లు గత్యంతరం లేక చేస్తుంది. మూడోది దెబ్బ తిన్న మనిషి తప్ప ఇంకెవరూ చేయలేరు. చేసి తీరాలని ఆ మనిషితో అనే హక్కు కూడా ఎవరికీ లేదు.

ముందు జరిగిందేమిటో క్లుప్తంగా. రువాండాలో రెండు ప్రధాన జాతులు, ఎక్కువమంది హుటూలు, తక్కువమంది టుట్సీలు. 1990 అక్టోబర్‌లో ఉగాండాలో పెరిగిన టుట్సీ శరణార్థుల సైన్యం, రువాండా దేశభక్త ఫ్రంట్ అనే ఆర్పీఎఫ్, సరిహద్దు దాటి వచ్చింది. అంతర్యుద్ధం మొదలైంది. 1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని రాజధాని కిగాలి మీద కూల్చేశారు. మర్నాటి నుంచి సుమారు వంద రోజులు హుటూ తీవ్రవాదులు, వాళ్ళ మాట విన్న మామూలు జనం టుట్సీలను వేటాడారు, అడ్డుపడిన హుటూలను కూడా. ఐక్యరాజ్యసమితి లెక్క 8 లక్షలు, రువాండా ప్రభుత్వం లెక్క 10 లక్షలకు పైన. అప్పటికి దేశ జనాభా 70 లక్షల చిల్లర. బెల్జియం వాళ్ళ పాలనలో మొదలైన గుర్తింపు కార్డు మీద జాతి పేరు ఉండేది. రోడ్డు మీద కర్ర అడ్డం పెట్టి కార్డు చూసి చంపారు. ఎవరు ఎక్కడ దాక్కున్నారో రేడియోలో చదివారు. ఏప్రిల్ 21న భద్రతామండలి అక్కడి శాంతి సైన్యాన్ని పెంచకపోగా 270 మందికి కుదించింది.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. నాజీల శిబిరాల్లో చంపినవాడు, చనిపోయినవాడు చాలావరకు ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. రువాండాలో అలా కాదు. అక్కడ ఊళ్ళు కొండల మీద ఉంటాయి. ఒకే కొండ మీద ఒకే బావి నీళ్ళు తాగినవాళ్ళు, ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు పొలం పనికి వాడే మచ్చుకత్తి తీసుకుని వచ్చారు. జూలైలో ఆర్పీఎఫ్ గెలిచి చంపుడు ఆగాక బతికున్న టుట్సీ ఆవిడకి తిరిగి వెళ్ళడానికి ఆ కొండే ఉంది. జైలు నుంచి వదిలిన రోజున చంపినవాడికీ ఆ కొండే దిక్కు. ఎవరూ ఎక్కడికీ పోయే చోటు లేదు. కాబట్టి అక్కడ క్షమ అనేది తత్వశాస్త్రం ప్రశ్న కాదు, రేపు పొద్దున నీళ్ళకి వెళ్ళినప్పుడు ఎదురుపడితే ఏం చేయాలన్న ప్రశ్న.

మొదట శిక్ష సంగతి. పెద్ద తలకాయల కోసం ఐక్యరాజ్యసమితి 1994 నవంబర్‌లో ప్రత్యేక న్యాయస్థానం పెట్టింది, టాంజానియాలోని అరూషాలో. 1998 సెప్టెంబర్ 2న ఆ కోర్టు టాబా అనే చోట మేయరుగా చేసిన జాన్ పాల్ అకాయేసుని దోషిగా తేల్చింది. ఒక అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి జాతి నిర్మూలన నేరం రుజువైందని తేల్చడం ప్రపంచంలో అదే మొదలు. అత్యాచారాన్ని కూడా జాతి నిర్మూలనలో భాగంగా చూడవచ్చని చెప్పిన మొదటి తీర్పూ అదే. నిజానికి మొదటి చార్జిషీటులో ఆ ఆరోపణే లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక స్త్రీ నోటి నుంచి ఆ సంగతి బయటపడ్డాక ఆరోపణలు మార్చారు. ఆ బెంచీ మీదున్న ముగ్గురిలో ఒకే ఒక్క మహిళ నవీ పిళ్ళై, దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ తమిళ కుటుంబం నుంచి వచ్చినావిడ.

రెండు రోజుల తర్వాత అదే కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఆ వంద రోజులూ ప్రధానమంత్రిగా ఉన్న జాన్ కంబాండా నేరం ఒప్పుకున్నాడు. అంతా ఒప్పుకున్నాడు. కానీ ఎందుకు చేశాడో చెప్పలేదు. బాధపడుతున్నాననీ అనలేదు. అవకాశం ఇచ్చినా ఒక్క మాట అనలేదని కోర్టు తీర్పులోనే రాసింది. యావజ్జీవం వేసింది. తర్వాత ఆయన అప్పీలుకు వెళ్ళి, ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటానన్నాడు, కుదరలేదు. నేరం ఒప్పుకోవడం వేరు, పశ్చాత్తాపం వేరు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు. లాయరు సలహాతో ఒప్పుకోవచ్చు. పశ్చాత్తాపపడమని ఏ లాయరూ సలహా ఇవ్వలేడు.

అరూషా కోర్టు తలుపులు మూసేనాటికి, అంటే 2015 చివరికి, 93 మంది మీద అభియోగాలు పెట్టింది. రువాండా జైళ్ళలో మాత్రం 1990ల చివర్లో లక్షా 20 వేల మందికి పైగా కుక్కి ఉన్నారు. నిలబడటానికి చోటు లేదు. న్యాయవాదుల్లో, జడ్జిల్లో చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్ళలో కొందరు పారిపోయారు. 1998 ఏప్రిల్ 24న, నేరం రుజువైన 22 మందిని జనం ముందు కాల్చి చంపారు. కానీ ఆ వేగంతో మామూలు కోర్టుల్లో విచారణలు సాగితే అందరి కేసులూ తేలడానికి వందేళ్ళు దాటుతుందని తేలింది. మరణశిక్షను 2007లో ఎత్తేశారు.

అలా వచ్చింది గచాచా. ఆ మాటకు అర్థం గడ్డి. పూర్వం పెద్దలు గడ్డి మీద కూర్చుని గట్టు తగాదాలు, పశువుల తగాదాలు తీర్చేవాళ్ళు, మన రచ్చబండ లాంటిది. మేక పోయిన తగాదా తీర్చే రచ్చబండకు మనిషిని నరికిన కేసు అప్పజెప్పారు. వినడానికి వింతగా ఉంటుంది, నిజానికి వింతే. 2001లో చట్టం, 2005లో దేశమంతటా ప్రారంభం, 2012 జూన్ 18న ముగింపు. సుమారు 12 వేల కోర్టులు, 19 లక్షలకు పైగా కేసులు, పది లక్షల మంది దాకా నిందితులు. కేసులు మనుషుల కన్నా ఎందుకు ఎక్కువంటే చాలామంది మీద ఒకటి కన్నా ఎక్కువ ఉండేవి. లాయర్లు లేరు. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. న్యాయమూర్తులుగా ఎన్నికైనవాళ్ళలో వేలమంది మీదే ఆరోపణలు రావడంతో వాళ్ళని తీసేసి వేరేవాళ్ళని పెట్టాల్సి వచ్చింది.

బేరం ఇలా ఉండేది. చంపినవాడు ఒప్పుకోకుండా దొరికిపోతే 25 నుంచి 30 ఏళ్ళు. తన పేరు నిందితుల జాబితాలో చేరకముందే తనంతట తాను ఒప్పుకుంటే 7 నుంచి 12 ఏళ్ళు, అందులో సగం జైలు బయట పని. రోడ్లు వేయడం, కొండవాలులో పొలాలకు గట్లు కట్టడం, బతికి బయటపడ్డవాళ్ళకి ఇళ్ళు కట్టడం. ఒప్పుకోలు చెల్లాలంటే ఏం చేశాడో పూర్తిగా చెప్పాలి, తోడొచ్చినవాళ్ళ పేర్లు చెప్పాలి, శవాలు ఎక్కడున్నాయో చెప్పాలి, క్షమాపణ అడగాలి.

ఇందులో మొదటి మూడూ నాకు అర్థమవుతాయి. నాలుగోదే గొంతులో అడ్డం పడుతుంది.

దక్షిణాఫ్రికాలో అంతకు కొన్నేళ్ళ ముందు, వర్ణవివక్ష పాలన పోయాక, డెస్మండ్ టూటూ అధ్యక్షతన నడిచిన సత్య సయోధ్య కమిషన్ ఇంకోలా చేసింది. చేసిన నేరం రాజకీయ కారణంతో చేసిందని చూపించి, నిజం మొత్తం చెబితే శిక్ష పూర్తిగా రద్దు. సారీ చెప్పనక్కర్లేదు. 7,112 మంది దరఖాస్తు పెడితే 849 మందికే ఆ క్షమాభిక్ష దొరికింది. వర్ణవివక్ష మీద పోరాడిన నాయకుడు స్టీవ్ బికోని 1977లో పోలీసు కస్టడీలో చంపినవాళ్ళు కూడా అడిగారు, 1999లో కుదరదన్నారు. పశ్చాత్తాపం అక్కర్లేదంటే చాలామందికి అప్పట్లో ఒళ్ళు మండింది. నాకు మాత్రం ఆ పద్ధతిలో ఒక నిజాయితీ కనిపిస్తుంది. రాజ్యం కొనగలిగేది నిజాన్నే, పశ్చాత్తాపాన్ని కాదు. శిక్ష తగ్గిస్తామని చెప్పి పశ్చాత్తాపం అడిగితే వచ్చేది నటనో, నిజమో ఎవరు తేలుస్తారు? కొన్నిసార్లు ఆ మనిషికే తెలియకపోవచ్చు.

తెలుగులో ఈ మాటను మనం ఎలా వాడతామో చూడండి. 'క్షమాపణ చెప్పాడు' అంటాం. క్షమించమని అడగడం అనాల్సిన చోట చెప్పడం అంటాం. చెప్పేశాడు కాబట్టి ఆయన పని అయిపోయింది. ఇప్పుడు బంతి అవతలి మనిషి కాళ్ళ దగ్గర ఉంది. ఆవిడ ఊరుకుంటే 'ఇంకా ఏం చేయమంటావు, సారీ చెప్పాడుగా' అంటారు. అన్నదమ్ముల పొలం పంచాయితీ చూసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. పెద్దమనుషులు ఇద్దరి చేతులూ కలిపిస్తారు, టీ తెప్పిస్తారు, "పోనీలే, ఇంక మరిచిపోండి" అంటారు. అప్పుడు చేయి చాపనివాడే ఊరి దృష్టిలో మూర్ఖుడు. గట్టు జరిపినవాడు కాదు. ఆ తర్వాత పదేళ్ళు వాళ్ళు మాట్లాడుకోరు, అది వేరే సంగతి.

గచాచాలోనూ ఇదే జరిగింది, కాకపోతే గట్టు స్థానంలో ఒక తల్లి పోగొట్టుకున్న నలుగురు పిల్లలు. వాడు ఊరి ముందు నిలబడి మన్నించమన్నాడు. ఊరంతా ఆవిడ వైపు చూస్తుంది. పాస్టరు గారు చూస్తారు. జాతీయ ఐక్యత గురించి రేడియోలో రోజూ చెబుతుంటారు. వాడి అన్నదమ్ములు ఇంకా ఆ కొండ మీదే ఉన్నారు, ఆవిడకి ఎవరూ లేరు. సాక్ష్యం చెప్పినందుకు బెదిరింపులు వచ్చిన కేసులున్నాయి, సాక్షులు హత్యకు గురైన కేసులూ ఉన్నాయి. ఆ పరిస్థితిలో ఆవిడ తల ఊపితే దాన్ని క్షమ అనాలో, అలసట అనాలో, భయం అనాలో నాకు తెలియదు. అత్యాచారానికి గురైనవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. ఆ వంద రోజుల్లో కనీసం 2,50,000 మంది స్త్రీల మీద అత్యాచారాలు జరిగి ఉంటాయని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి 1996లో అంచనా వేశారు. ఎంతోమందికి హెచ్ఐవీ సోకింది. 2008 తర్వాత వాళ్ళ కేసుల్లో చాలావాటిని కూడా గచాచాకే పంపారు, తలుపులు మూసిన గదిలో విన్నారు. గదిలో కూర్చున్న న్యాయమూర్తులు మాత్రం ఆ ఊరివాళ్ళే.

దీనికి రెండో వైపూ ఉంది. నిజంగా క్షమించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు అమాయకులు కారు. కొందరికి దైవభక్తి. కొందరికి, పగ మోసుకుంటూ బతకడం తమనే తినేస్తోందన్న లెక్క. కొందరికి మరీ మామూలు అవసరం: ఒంటరి వితంతువుకి పొలం దున్నే మనిషి కావాలి, ఆ దున్నే మనిషి వాడే. చంపినవాళ్ళూ, బతికి బయటపడ్డవాళ్ళూ పక్కపక్క ఇళ్ళలో ఉండేలా కట్టిన ఊళ్ళు కూడా ఉన్నాయి. విదేశీ విలేకరులు అక్కడికి వెళ్ళి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు అబద్ధమని నేననను. ఫోటోకి ఒప్పుకోనివాళ్ళు ఆ పక్క కొండ మీద ఉన్నారనే అంటాను.

ఇంకో మాట కూడా చెప్పకుండా పోతే ఇది ప్రభుత్వ ప్రచారం అవుతుంది. గెలిచిన ఆర్పీఎఫ్ సైన్యం కూడా హుటూ పౌరులను చంపింది. 1995 ఏప్రిల్‌లో, ఇళ్ళు వదిలి వచ్చిన జనం తలదాచుకున్న కిబేహో శిబిరంలో జరిగిన కాల్పులు అందరి కళ్ళ ముందే జరిగాయి. అవి టుట్సీల నిర్మూలనతో సమానం కాదు, సమానమని అనడం చరిత్రని వక్రీకరించడమే. కానీ అలా చనిపోయినవాళ్ళ కోసం గడ్డి మీద ఎవరూ కూర్చోలేదు. 2004లో చట్టం మార్చి యుద్ధ నేరాలను గచాచా పరిధి నుంచి తీసేశారు. అరూషా కోర్టు కూడా ఒక్క ఆర్పీఎఫ్ మనిషినీ విచారించలేదు. ఆ కుటుంబాల్లో చాలావాటిని క్షమాపణ అడిగినవాడే లేడు, కాబట్టి వాళ్ళు క్షమించాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టలేదు.

అడిగేవాడే రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి వియత్నాం కథ ఒకటుంది. 1968 మార్చి 16న మై లాయ్‌లో అమెరికన్ సైనికులు 500 మందికి పైగా పల్లెవాసులను చంపారు. అక్కడి స్మారకం మీద 504 పేర్లున్నాయి. లెఫ్టినెంట్ విలియం కాలీ ఒక్కడికే శిక్ష పడింది, 1971లో, 22 హత్యలకు. యావజ్జీవం అన్నారు, అధ్యక్షుడు నిక్సన్ గృహనిర్బంధానికి మార్పించాడు, మూడున్నరేళ్ళకే బయటికి వచ్చేశాడు. 2009 ఆగస్టులో, అంటే 41 ఏళ్ళ తర్వాత, ఆయన మొదటిసారి బహిరంగంగా పశ్చాత్తాపం చెప్పాడు. ఆ ఘటన గుర్తురాని రోజు లేదన్నాడు. ఎక్కడ చెప్పాడు? జార్జియా రాష్ట్రంలో, కొలంబస్ ఊళ్ళో ఒక క్లబ్ సమావేశంలో, తాను ఏళ్ళ తరబడి బతికిన ఊరివాళ్ళ మధ్య. ఆ గదిలో మై లాయ్ నుంచి వచ్చినవాళ్ళు లేరు. పైనుంచి వచ్చిన ఆదేశాలనే పాటించానని కూడా అదే చోట అన్నాడు. 2024లో చనిపోయాడు.

ఆ రోజు అదే పల్లె మీద హెలికాప్టర్ నడుపుతున్న హ్యూ థాంప్సన్ అనే పైలట్, జరుగుతున్నది చూసి, తన సొంత సైన్యానికీ పారిపోతున్న పల్లెవాసులకీ మధ్యలో హెలికాప్టర్ దింపి కొందరిని కాపాడాడు. 1998లో ఆయన మళ్ళీ మై లాయ్ వెళ్ళాడు. బతికి బయటపడ్డ ఒకావిడ ఆయన్ని అడిగిందట, ఆ పని చేసినవాళ్ళు మీతోపాటు ఎందుకు రాలేదు అని. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ మాట పూర్తి చేసింది: వస్తే క్షమించేవాళ్ళం కదా. ఈ సంగతి తర్వాత ఒక సభలో చెబుతూ థాంప్సన్, తనకు మాత్రం వాళ్ళని క్షమించేంత పెద్ద మనసు లేదని ఒప్పుకున్నాడు.

ఈ సంఘటన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బిడ్డల్ని పోగొట్టుకున్న ఊరి మనిషి క్షమించడానికి సిద్ధం. ప్రాణాలకు తెగించి అడ్డుపడ్డవాడు సిద్ధంగా లేడు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. ఆవిడ క్షమ మాత్రం ఎవరికీ చేరలేదు, ఎందుకంటే తీసుకోవాల్సినవాడు సముద్రం అవతల మధ్యాహ్న భోజనాల క్లబ్‌లో ఉన్నాడు.

మన దగ్గర ఈ ప్రశ్న కొత్తదేం కాదు. నిద్రపోతున్న ఉపపాండవులను రాత్రిపూట చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టేసి ద్రౌపది ముందుకు ఈడ్చుకొస్తాడు. పోతన భాగవతంలో ఆ ఘట్టం చాలామందికి బడిలో కంఠతా పట్టించినదే. "నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతు లెట్లాడెనో" అని ఆవిడ అడుగుతుంది. పద్యం అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న వయసులో నాకు తట్టలేదు కానీ, ఆవిడ నోరు తెరవగానే చేసే మొదటి పని ప్రశ్న అడగడం. పిల్లలు నీ మీదికి ఉద్రేకంతో రాలేదు, ఆయుధాలు పట్టి యుద్ధభూమిలో లేరు, నీకు ద్రోహం చేయలేదు అని ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంది, చార్జిషీటు చదివినట్టు. ఆ తర్వాతే, నాలాగే వీడి తల్లి ఏడుస్తుంది, వదిలేయండి అంటుంది. భీముడు ఒప్పుకోడు, ఈ పసిపిల్లల్ని చంపినవాడికి దయ ఏమిటంటాడు. చివరికి అర్జునుడు వాడి తల గొరిగి, పుట్టుకతో వచ్చిన శిరోమణిని పెరికి, తరిమేస్తాడు. అంటే ద్రౌపది వదిలేసింది, శిక్ష మాత్రం ఆగలేదు. రెండూ ఒకేసారి జరిగాయి.

భారతంలో ద్రౌపది ఇలా లేదు. వాడి ప్రాణం తీస్తే గానీ లేవనని నిరాహారంగా కూర్చుంటుంది, చివరికి వాడి తలమణి తెచ్చి చూపిస్తే శాంతిస్తుంది. ఒకే తల్లి, ఒకే నేరం, రెండు కావ్యాల్లో రెండు జవాబులు. భాగవతం ద్రౌపది ఎక్కువ అనీ, భారతం ద్రౌపది తక్కువ అనీ మనం ఎప్పుడూ అనలేదు. రువాండాలో తల ఊపని ఆవిడకీ ఆ మర్యాద దక్కాలి.

చంపినవాడి వైపు నుంచి చూస్తే ప్రశ్న మారుతుంది. క్షమ దొరకదని తెలిస్తే వాడు చేయాల్సిందేమైనా మిగులుతుందా? దీనికి నాకు తెలిసిన మంచి జవాబు ఒక విచిత్రమైన చోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చైనా చేతికి చిక్కిన జపాన్ సైనికుల్లో సుమారు వెయ్యి మందిని ఫుషున్ జైల్లో పెట్టారు. వాళ్ళు చైనా పల్లెల్లో చేసినవి ఇక్కడ రాయలేను. కొడతారనుకుంటే కొట్టలేదు, తిండి బాగా పెట్టారు, చేసినవన్నీ రాయమన్నారు. ఏళ్ళ తరబడి రాశారు, చదివి వినిపించుకున్నారు. 1956లో 45 మందికే విచారణ జరిపారు, ఒక్కరికీ మరణశిక్ష వేయలేదు, మిగిలినవాళ్ళని పడవెక్కించి ఇంటికి పంపేశారు. చైనా ప్రభుత్వం దయతో కరిగిపోయి చేసిన పని కాదిది. రాజకీయ లెక్కలు ఉన్నాయి, తన సొంత మనుషుల మీద ఆ దయ చూపించనూ లేదు.

కానీ ఆ తిరిగి వెళ్ళినవాళ్ళు ఏం చేశారో చూడండి. 1957లో సంఘం పెట్టుకున్నారు. నలభై ఏళ్ళకు పైగా, ముసలివాళ్ళై సంఘాన్ని మూసేసిన 2002 దాకా, సొంత దేశంలో ఊరూరా తిరిగి, నేను ఫలానా ఊళ్ళో ఫలానా పని చేశాను అని చెప్పారు.  వాళ్ళకి బ్రెయిన్‌వాష్ చేశారని జపాన్‌లో చాలామంది వెక్కిరించారు. అలా చెబితే శిక్ష తగ్గేది లేదు, ఎందుకంటే శిక్షే లేదు. క్షమ దొరికేదీ లేదు, క్షమించాల్సినవాళ్ళు చాలావరకు చనిపోయారు. అయినా చెప్పారు. బ్రెయిన్‌వాష్ అన్న మాటలో కొంత నిజం ఉందనుకున్నా, నలభై ఏళ్ళు నిలిచిన మార్పును ఇంకేమని పిలవాలో నాకు తోచదు.

మళ్ళీ రువాండాకి. క్షమాపణ చెప్పడానికి అక్కడికి బయటి నుంచి పెద్దవాళ్ళు చాలామంది వచ్చారు. 1998లో క్లింటన్ కిగాలి విమానాశ్రయంలో కొన్ని గంటలు ఆగి, ప్రపంచం చేయాల్సింది చేయలేదన్నాడు. 2000లో బెల్జియం ప్రధాని వచ్చి క్షమాపణ కోరాడు. చర్చిల్లోకి పారిపోయిన జనాన్ని అక్కడే చంపిన సంగతి తెలిసిందే, కొందరు ఫాదర్లే తోడ్పడ్డారు. 2017లో పోప్ ఫ్రాన్సిస్, ఇక్కడికి రాకుండా వాటికన్‌లోనే, దానికి దేవుడిని క్షమాపణ అడిగాడు. 2021లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ వచ్చి తమ బాధ్యత ఒప్పుకున్నాడు గానీ క్షమాపణ అన్న మాట నేరుగా వాడలేదు. ఆ చీకటి రాత్రి గుండా నడిచినవాళ్ళు మాత్రమే బహుశా క్షమించగలరు అన్నాడు. దౌత్యపరంగా తెలివైన తప్పించుకోలు అని చాలామంది విమర్శించారు, అది నిజమే కావచ్చు. కానీ మాటగా చూస్తే వీళ్ళందరిలో ప్రశ్నను సరైన చోట పెట్టింది ఆయనే.

ఇప్పుడు గుంతల సంగతి. 2018 ఏప్రిల్‌లో, గచాచా ముగిసిన ఆరేళ్ళకి, కిగాలి అంచున కబుగా దగ్గర ఇళ్ళ కింద సామూహిక సమాధులు బయటపడ్డాయి. 24 ఏళ్ళుగా వాటి మీద జనం ఇళ్ళు కట్టుకున్నారు, అరటి చెట్లు వేసుకున్నారు, వంటలు వండుకున్నారు. చుట్టుపక్కల తెలిసినవాళ్ళున్నారు. గచాచా అక్కడా ఏళ్ళ తరబడి కూర్చుంది. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు, శిక్ష తగ్గినవాళ్ళు ఇళ్ళకి వచ్చారు, మన్నించమని అడిగినవాళ్ళు అడిగారు. ఈ గుంతల మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఇళ్ళు పడగొట్టి తవ్వుతూ పోతే లెక్క వేలు దాటి పదివేలు దాటింది. 2019 మేలో న్యాంజా స్మారకం దగ్గర 80 వేల మందికి పైగా అవశేషాలను ఖననం చేశారు.

తవ్విన రోజుల్లో ఎముకలతోపాటు దొరికిన బట్టల్ని ఉతికి ఆరబెట్టేవాళ్ళు. బతికున్నవాళ్ళు వచ్చి ఆ బట్టల మధ్య నడిచేవాళ్ళు, ఒక గౌను రంగో, ఒక చొక్కా చారో గుర్తుపట్టగలమేమోనని.